త్వరణం అంటే స్పీడు కాదు: బస్సులో, బండి మీద, బావి దగ్గర మీరే కొలిచి అర్థం చేసుకోవడం ఎలా

చిట్యాల దగ్గర విజయవాడ హైవే మీద గంటకు 90 కిలోమీటర్ల స్పీడుతో, మీటర్ ముల్లు కూడా కదలకుండా, తిన్నగా పోతున్న కారు ఒకటి. ఆ పక్కనే సర్వీసు రోడ్డులో ప్యాసింజర్లను ఎక్కించుకొని అప్పుడే కదిలిన ఆటో ఇంకొకటి. ఈ రెండింటిలో దేనికి త్వరణం ఎక్కువ అని అడగండి, చాలామంది ఆలోచించకుండా కారు అంటారు. జవాబు ఆటో. కారు త్వరణం సున్నా. తక్కువ అని కాదు, అసలు సున్నా, ఎందుకంటే త్వరణం అంటే వేగం ఎంత తొందరగా మారుతోంది అనేది, ఆ కారు వేగం మారడమే లేదు.

ఈ ఒక్క విషయం ఒంటికి పట్టకపోతే చలనం పాఠం మొత్తం సూత్రాల బట్టీ అయిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు, ఇంటర్ ఎంపీసీ వాళ్లు, కానిస్టేబుల్ పరీక్షకో రైల్వే పరీక్షకో రూముల్లో ఉండి చదివేవాళ్లు, అందరూ ఇక్కడే తడబడతారు, ఎందుకంటే పుస్తకంలో లెక్కలు చేస్తారు గానీ కొలిచి చూడరు. కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, ఒక నోట్‌బుక్కు, నీళ్ల సీసా, దారం, తాళంచెవి చాలు. మిగతాదంతా మన రోడ్ల మీదే ఉంది.

ముందు స్పీడు పట్టుకోండి

పుస్తకంలో వడి అంటారు, రోడ్డు మీద స్పీడు అంటాం, ఒకటే. ఎంత కాలంలో ఎంత దూరం పోయాం, అంతే. దీన్ని కొలవాలంటే బస్సులో కిటికీ సీటు దొరకాలి. పాలమూరు నుంచి జడ్చర్ల దాటి బెంగళూరు హైవే ఎక్కారనుకోండి, రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు కనపడతాయి. ఒక రాయి దగ్గర స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. 3600ని వచ్చిన సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 60 సెకన్లు పడితే 60, 72 సెకన్లు పడితే 50, 90 సెకన్లు పడితే 40. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చిన్న రాళ్లు కూడా ఉంటాయి. వాటితో కొలిస్తే 720ని సెకన్లతో భాగించాలి.

అయితే ఇట్లా వచ్చేది సగటు వడి. పాలమూరు నుంచి హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్లు, రెండున్నర గంటల్లో చేరారంటే సగటు 40. కానీ బస్సు దారి పొడవునా 40 మీదే పోయిందా? లేదు కదా, జడ్చర్లలో ఆగింది, షాద్‌నగర్‌లో ఆగింది, ఖాళీ రోడ్డు మీద 80 దాకా పోయింది. ఏ క్షణంలో ఎంత ఉందో చెప్పేది మీటర్ ముల్లు, లేదంటే ఫోనులో జీపీఎస్ స్పీడు. త్వరణం తెలియాలంటే మనకు కావాల్సింది సగటు కాదు, ఈ క్షణం క్షణం స్పీడు. జీపీఎస్ స్పీడు ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా మారుతుంది, అది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక పని తప్పకుండా చేయాలి. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చాలి. 3.6తో భాగించడమే, కానీ ప్రతిసారీ భాగించకుండా ఈ జతలు నోటికి రానివ్వండి: 18కి 5, 36కి 10, 54కి 15, 72కి 20, 90కి 25, 108కి 30. పద్దెనిమిదో ఎక్కం వచ్చినవాళ్లకు ఇది ఒక్క నిమిషం పని. ఈ కింద లెక్కలన్నీ ఈ జతలతోనే చేద్దాం.

దానికి దిక్కు కలపండి

నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి పోయే బస్సు, నార్కట్‌పల్లి నుంచి నల్లగొండ వచ్చే బస్సు దారిలో ఎదురుపడ్డాయి. రెండింటి మీటర్లలోనూ 54 ఉంది. వడి ఒకటే. వేగం ఒకటి కాదు, ఎందుకంటే ఒకటి ఉత్తరానికి పోతోంది, ఇంకొకటి దక్షిణానికి వస్తోంది. వేగం చెప్పాలంటే ఎంత అనేదానితో పాటు ఎటు అనేది కూడా చెప్పాలి. నార్కట్‌పల్లి వైపును ప్లస్ అనుకుంటే మొదటి బస్సు వేగం ప్లస్ 15, రెండోదాని వేగం మైనస్ 15. మైనస్ అంటే తక్కువ అని కాదు, ఎదురు దిక్కు అని మాత్రమే. ఏ వైపును ప్లస్ అనుకోవాలో మీ ఇష్టం, కానీ లెక్క మధ్యలో మార్చకూడదు.

పొద్దున ఇంటి నుంచి బయల్దేరి కాలేజీకి పోయి సాయంత్రం మళ్లీ ఇంటికే చేరినవాళ్లకు రోజు మొత్తానికి సగటు వేగం సున్నా, వాళ్లు ఎంత తిరిగినా సరే, ఎందుకంటే మొదలైన చోటికే వచ్చారు. సగటు వడి మాత్రం సున్నా కాదు. పరీక్షల్లో ఇది బాగా అడుగుతారు.

తేడా తీసి కాలంతో భాగించండి

ఇదే అసలు మెట్టు. త్వరణం అంటే వేగం ఎంత తొందరగా మారుతోంది అనేది. తుది వేగంలోంచి తొలి వేగం తీసేయండి, ఆ మార్పుకు పట్టిన కాలంతో భాగించండి. ఇంతకు మించి సూత్రం లేదు.

బండి మీద కొలిచేటప్పుడు నడిపేవాళ్లు మీటర్ చూస్తూ కూర్చోవద్దు, రోడ్డే చూడాలి. హెల్మెట్ పెట్టుకొని, ఖాళీ రోడ్డు చూసుకొని, వెనక కూర్చున్నవాళ్లు భుజం మీదుగా మీటర్‌ను వీడియో తీయాలి, తీసేవాళ్లు రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. ఇంటికొచ్చాక ఆ వీడియోను రెండేసి సెకన్లకు ఆపుతూ మీటర్ ఎంత చూపిస్తోందో రాసుకోండి. లెక్క సులువుగా ఉండాలని నేను రౌండు అంకెలు తీసుకుంటాను, మీకు అటూ ఇటూగా వస్తాయి:

0 సెకన్ల దగ్గర 0
2 సెకన్ల దగ్గర 18
4 సెకన్ల దగ్గర 36
6 సెకన్ల దగ్గర 45
8 సెకన్ల దగ్గర 54
10 సెకన్ల దగ్గర కూడా 54

సెకనుకు మీటర్లలో ఇవి 0, 5, 10, 12.5, 15, 15. మొదటి రెండు సెకన్లలో వేగం 5 పెరిగింది, రెండుతో భాగిస్తే 2.5. అంటే బండి వేగం ప్రతి సెకనుకూ, సెకనుకు 2.5 మీటర్ల చొప్పున పెరుగుతోంది. ఇందులో సెకను రెండుసార్లు ఎందుకొచ్చిందని చాలామంది అడుగుతారు, యూనిట్‌లో సెకను మీద వర్గం ఉండేది అందుకే: ఒక సెకను వేగంలోనే ఉంది, రెండోది ఆ వేగం మారడానికి పట్టిన కాలం. తర్వాతి రెండు సెకన్లలోనూ 2.5. ఆ తర్వాత గేరు మారింది, బండి గుంజే బలం తగ్గింది, గాలి ఎదురు తోసేది పెరిగింది, త్వరణం 1.25కి పడింది. చివరి రెండు సెకన్లలో సున్నా.

ఇప్పుడు ఆ అంకెల్ని పక్కపక్కన పెట్టి నిదానంగా చూడండి. వేగం 0, 5, 10, 12.5, 15 అని పెరుగుతూ పోయింది. త్వరణం 2.5, 2.5, 1.25, 1.25, 0 అని తగ్గుతూ వచ్చింది. రెండూ ఎదురెదురుగా నడిచాయి. బండి అన్నిటికంటే స్పీడుగా ఉన్న చోట త్వరణం సున్నా, ఇంకా నెమ్మదిగా ఉన్న చోట త్వరణం ఎక్కువ. చిట్యాల కారు, ఆటో సంగతి ఇదే. జీతం, ఇంక్రిమెంట్ లాంటి సంబంధం అనుకోండి: లక్ష రూపాయల జీతం ఉన్నవాళ్లకు ఈ ఏడు ఇంక్రిమెంట్ రాకపోవచ్చు, పదిహేను వేలు తీసుకునేవాళ్లకు మూడు వేలు పెరగొచ్చు. జీతం చూసి ఇంక్రిమెంట్ చెప్పలేం, అట్లాగే వేగం చూసి త్వరణం చెప్పలేం.

రైలుతో కూడా చూడండి. నల్లగొండ స్టేషన్‌లో ఆగిన రైలు కదిలి 72 కిలోమీటర్ల స్పీడు అందుకోవడానికి 100 సెకన్లు పట్టిందనుకుంటే దాని త్వరణం 0.2 మాత్రమే. కొంచెం సేపటికి అది బండిని దాటేసి పోతుంది, కానీ త్వరణం బండి దాంట్లో పన్నెండో వంతు.

బ్రేకు వేసినప్పుడు

త్వరణం అనగానే పెరగడమే అనుకోవద్దు. తగ్గినా మార్పే. 36 స్పీడులో పోతూ బ్రేకు వేస్తే రెండు సెకన్లలో ఆగింది అనుకోండి: తుది వేగం 0, తొలి వేగం 10, తేడా మైనస్ 10, రెండుతో భాగిస్తే మైనస్ 5. పుస్తకాల్లో దీన్ని రుణ త్వరణం అంటారు.

ఇక్కడ కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇది మార్కుల విషయం మాత్రమే కాదు. మైనస్ 5 బ్రేకుతో 36 మీద పోయేవాళ్లు ఆగేలోపు ఎంత దూరం పోతారు? సగటు వేగం 5, కాలం 2 సెకన్లు, 10 మీటర్లు. మరి 72 మీద పోతే? స్పీడు రెండింతలే కదా, 20 మీటర్లు అనుకుంటారు. లెక్క చేయండి: 20 నుంచి 0కి రావాలంటే 4 సెకన్లు పడుతుంది, సగటు వేగం 10, దూరం 40 మీటర్లు. రెండింతల స్పీడుకు నాలుగింతల దూరం. ఎదురుగా ఏదో అడ్డం వచ్చిందని కళ్లు చూసి కాలు బ్రేకు మీద పడేలోపు ఇంకో సెకను పోతుంది, ఆ సెకనులో బండి పాత స్పీడుతోనే పోతుంది. అది కూడా కలిపితే 36 మీద మొత్తం 20 మీటర్లు, 72 మీద 60 మీటర్లు. మన హైవేల మీద ఊరు రాగానే బర్రెల మంద అడ్డం వస్తుంది, బడి పిల్లలు రోడ్డు దాటుతుంటారు. అక్కడ స్పీడు ఎందుకు తగ్గించాలో ఈ రెండు అంకెలు చెబుతాయి. బండి నడపడం నేర్చుకునే తమ్ముళ్లకు ఈ లెక్క తప్పకుండా చేయించండి, ఊరికే జాగ్రత్త అని చెప్పేదానికంటే బాగా ఎక్కుతుంది.

ప్లస్ మైనస్ దగ్గర ఇంకో చిక్కుంది. త్వరణం మైనస్ వస్తే స్పీడు తగ్గుతోందని రాసేస్తారు. ప్రతిసారీ అది నిజం కాదు. నార్కట్‌పల్లి వైపు ప్లస్ అనుకున్నాం కదా, నల్లగొండ వైపు తిరిగొచ్చే బస్సు 36 నుంచి 54కి స్పీడు పెంచింది, 5 సెకన్లు పట్టింది. దాని వేగం మైనస్ 10 నుంచి మైనస్ 15 అయింది. తేడా మైనస్ 5, త్వరణం మైనస్ 1. స్పీడు పెరిగింది, త్వరణం మాత్రం మైనస్. అందుకని గుర్తు ఒక్కటి చూసి తీర్పు ఇవ్వకండి, వేగం గుర్తు, త్వరణం గుర్తు రెండూ కలిపి చూడండి. రెండూ ఒకే దిక్కున ఉంటే స్పీడు పెరుగుతుంది, ఎదురెదురు ఉంటే తగ్గుతుంది. మరి రెండూ అడ్డంగా ఉంటే?

మలుపులో స్పీడు మారకపోయినా

అడ్డంగా ఉంటే బండి తిరుగుతుంది. శ్రీశైలం పోయేవాళ్లకు ఇది కడుపులో తెలుస్తుంది. మన్ననూరు దాటి నల్లమల అడవిలో పోయి పోయి, దోమలపెంట దాటాక ఘాట్ దిగేటప్పుడు మలుపు మీద మలుపు వస్తుంది. డ్రైవర్ 18 మీద నిలకడగా పట్టుకొని తిప్పుతున్నాడనుకోండి. మీటర్ ముల్లు కదలలేదు. అయినా మీరు పక్క సీటాయన మీద ఒరిగిపోతున్నారు, వాంతులు అయ్యేవాళ్లకు అప్పుడే మొదలవుతాయి. స్పీడు మారకపోతే ఒరిగేది ఎందుకు?

లెక్కలో చూద్దాం. వెనక్కి తిరిగేంత మలుపు, అంటే ఉత్తరానికి పోయే బస్సు దక్షిణానికి తిరిగింది. తొలి వేగం ప్లస్ 5, తుది వేగం మైనస్ 5. తేడా మైనస్ 10. తిరగడానికి 10 సెకన్లు పట్టిందంటే సగటు త్వరణం మైనస్ 1. స్పీడు పిసరంత కూడా మారలేదు, వేగం మాత్రం పూర్తిగా తిరగబడింది, కాబట్టి త్వరణం ఉంది. ఏ క్షణంలోనైనా ఆ త్వరణం మలుపు లోపలి వైపుకు, వలయం మధ్యలోకి ఉంటుంది. ఎంతో తెలియాలంటే వడిని వడితో గుణించి మలుపు వ్యాసార్థంతో భాగించాలి. పది సెకన్లలో బస్సు 50 మీటర్ల సగం వలయం తిరిగింది, 50ని 3.14తో భాగిస్తే ఆ మలుపు వ్యాసార్థం సుమారు 16 మీటర్లు అవుతుంది, 25ని 16తో భాగిస్తే 1.56. అదే మలుపును 36 మీద తిప్పితే 100ని 16తో భాగించాలి, 6.25. మళ్లీ చూడండి, స్పీడు రెండింతలు, త్వరణం నాలుగింతలు. అంత త్వరణం ఇవ్వాలంటే టైర్లు రోడ్డును అంత గట్టిగా పట్టుకోవాలి, రోడ్డు మీద ఇసుకో వాన నీళ్లో ఉంటే పట్టు దొరకదు. ఘాట్‌లో డ్రైవర్లు మలుపుకు ముందే స్పీడు తగ్గించేది అందుకే.

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టూ సైకిల్ మీద ఒకే స్పీడుతో తిరిగినా సంగతి ఇదే, త్వరణం సున్నా కాదు. బండిలో వేగాన్ని మార్చేవి మూడు: ఎక్సలేటర్, బ్రేకు, హ్యాండిల్. మూడూ త్వరణం ఇచ్చేవే. హ్యాండిల్‌ను అందరూ మరిచిపోతారు.

బస్సులో సీసా, దారం

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన పని, ఖర్చు లేదు. నీళ్ల సీసా ఒకటి, గాట్లు లేని నున్నటిది తీసుకొని, పైదాకా నింపి, చిన్న గాలి బుడగ మిగిలేలా మూత బిగించండి. సీటులో కూర్చొని సీసాను ఒడిలో పడుకోబెట్టండి, మూత బస్సు పోయే వైపుకు ఉండాలి. బస్సు కదిలినప్పుడు బుడగ ఎటు పోతుందో ముందే అనుకొని, తర్వాత చూడండి. మన ఒళ్లు వెనక్కి పోతుంది కాబట్టి బుడగ కూడా వెనక్కి పోతుందనుకుంటాం. పోదు. ముందుకు పరుగెత్తుతుంది. నీళ్లు బరువైనవి కాబట్టి అవి వెనకబడతాయి, తేలికైన బుడగను అవి ముందుకు నెట్టేస్తాయి. బ్రేకు వేస్తే బుడగ వెనక్కి వస్తుంది. సీసాను అడ్డంగా పెట్టుకొని బస్సు ఎడమకు తిరిగేటప్పుడు చూస్తే ఎడమకు పోతుంది. అంటే బుడగ ఎప్పుడూ త్వరణం ఉన్న వైపే చూపిస్తుంది. రోడ్డు తిన్నగా, మట్టంగా ఉండి బస్సు 70 మీద నిలకడగా పోతున్నప్పుడు చూడండి, బస్టాండ్‌లో ఆగి ఉన్నప్పుడు ఎక్కడుందో అక్కడే నిలబడి ఉంటుంది. నిలకడ స్పీడు ఎంత ఎక్కువైనా బుడగకు లెక్కలేదు.

బుడగ వైపు చెబుతుంది గానీ ఎంతో చెప్పదు. దానికి దారం. దారానికి తాళంచెవి కట్టి, మీరు వేళ్లతో పట్టుకునే చోటు నుంచి తాళంచెవి దాకా 10 సెంటీమీటర్లు ఉండేలా ముడి వేయండి. వెనకాల స్కేలు అడ్డంగా పట్టుకోవడానికి పక్కవాళ్ల సాయం తీసుకోండి. బస్సు కదిలినప్పుడు తాళంచెవి వెనక్కి జరుగుతుంది. నిట్టనిలువు గీత నుంచి ఒక సెంటీమీటరు జరిగితే త్వరణం సుమారు 1, రెండు జరిగితే సుమారు 2, మూడు జరిగితే సుమారు 3. ఇంత సులువుగా ఎందుకు కుదిరిందంటే, త్వరణాన్ని భూమి గుంజే 9.8తో భాగిస్తే ఎంతొస్తుందో, పక్కకు జరిగిన దూరాన్ని కిందికి వేలాడే పొడవుతో భాగించినా అంతే వస్తుంది. పొడవు 10 తీసుకున్నాం, 9.8 దాదాపు 10. తాళంచెవి ఊగుతూ ఉంటే కొలత రాదు, ఊపు తగ్గేదాకా ఆగి చూడాలి. మామూలుగా బస్సు కదిలేటప్పుడు సెంటీమీటరు దరిదాపుల్లో ఉంటుంది, గట్టి బ్రేకుకు అంతకంటే బాగా ఎక్కువ జరుగుతుంది.

ఫోనులో చూడాలనుకునేవాళ్లకు ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లు చేసింది. ఫోనులో ఉండే త్వరణం సెన్సార్‌ను అది గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఒకే ఒక్క జాగ్రత్త, గురుత్వం కలిపిన కొలత తెరిస్తే టేబుల్ మీద కదలకుండా ఉన్న ఫోను కూడా 9.8 చూపిస్తుంది, టేబుల్ దాన్ని పైకి మోస్తున్న లెక్క అది. బస్సు కోసం గురుత్వం తీసేసిన కొలత తెరవండి.

బావి దగ్గర

మన వైపు పొలాల్లో పాత వ్యవసాయ బావులు ఇంకా ఉన్నాయి. ఒడ్డు గట్టిగా ఉన్న బావి చూసుకొని, పెద్దవాళ్లను వెంటబెట్టుకొని, లోపల మనిషి గానీ మోటారు గానీ లేవని చూసి, ఒక రాయిని విసరకుండా ఊరికే వదిలేయండి. వదిలినప్పుడు స్టాప్‌వాచ్ మొదలు, నీళ్లలో పడ్డ చప్పుడుకు ఆపడం.

రాయి వేగం ప్రతి సెకనుకూ 9.8 పెరుగుతుంది. వదిలినప్పుడు సున్నా, ఒక సెకనుకు 9.8, అంటే గంటకు 35 కిలోమీటర్లు. రెండు సెకన్లకు 19.6, గంటకు సుమారు 71 కిలోమీటర్లు. పెరిగేది వేగం, త్వరణం మాత్రం మొదటి నుంచి చివరిదాకా అదే 9.8. దూరం సంగతి వేరు: ఒక సెకనులో 4.9 మీటర్లు, రెండు సెకన్లలో 19.6 మీటర్లు. కాలాన్ని కాలంతో గుణించి 4.9తో గుణిస్తే నీళ్ల దాకా లోతు వస్తుంది. ఒకటిన్నర సెకను పడితే 11 మీటర్లు, సుమారు 36 అడుగులు. మన వేలు స్టాప్‌వాచ్ మీద 0.2 సెకను అటూ ఇటూ అవుతుంది, అంత తేడాకే లోతు 8 మీటర్ల నుంచి 14 మీటర్ల దాకా మారిపోతుంది, అందుకని నాలుగైదు సార్లు వేసి సగటు తీసుకోండి.

ఇప్పుడు బంతిని నిట్టనిలువుగా పైకి విసిరిన లెక్క. సెకనుకు 9.8 మీటర్లతో వదిలారు, పైకి ప్లస్. అర సెకనుకొకసారి రాస్తే వేగం ఇట్లా ఉంటుంది: 9.8, 4.9, 0, మైనస్ 4.9, మైనస్ 9.8. మధ్యలో ఉన్న ఆ సున్నా దగ్గర, అంటే బంతి పైన ఆగినట్టు కనిపించే చోట, త్వరణం ఎంత? సున్నా అని రాసేవాళ్లే ఎక్కువ. వరుస చూడండి. అర సెకనుకు 4.9 తగ్గుతూ వస్తోంది, సున్నాకు ముందూ అంతే, తర్వాతా అంతే. ఆ క్షణంలో త్వరణం కూడా సున్నా అయితే వేగం మారడం ఆగిపోవాలి, వేగం సున్నా దగ్గరే ఉండిపోవాలి, బంతి గాలిలోనే నిలబడిపోవాలి. నిలబడదు కదా. వేగం సున్నా, త్వరణం 9.8, కిందికి.

రాయి మరీ తొందరగా పడుతుంది, కళ్లకు అందదు అనుకుంటే 17వ శతాబ్దం మొదట్లో గెలీలియో చేసిన పనే చేయండి. ఆయనకు స్టాప్‌వాచ్ లేదు, నీళ్లు కారేదాన్ని తూచి కాలం లెక్కపెట్టాడు, పడే వస్తువును నెమ్మది చేయడానికి వాలు మీద గుండ్లు దొర్లించాడు. మీరు మూడు మీటర్ల పీవీసీ పైపును నిలువునా కోయించి, ఆ కాలువలో గాజు గోటీ దొర్లించండి, ఒక చివర పది సెంటీమీటర్లు ఎత్తు పెడితే చాలు. మొదలు నుంచి 30, 120, 270 సెంటీమీటర్ల దగ్గర మార్కర్‌తో గీతలు గీసి వీడియో తీయండి. గీతల మధ్య దూరాలు 30, 90, 150 అని పెరుగుతూ పోతున్నా గోటీ ప్రతి ముక్కకూ దాదాపు ఒకే కాలం తీసుకుంటుంది. నిలకడ త్వరణం కంటికి కనిపించేది ఇక్కడే.

చివరగా గ్రాఫ్ గీయండి

అడ్డంగా కాలం, నిలువుగా వేగం. గీత ఎంత ఎత్తులో ఉందో అది వేగం, గీత ఎంత వాలుగా ఉందో అది త్వరణం, గీత కింద ఉన్న వైశాల్యం పోయిన దూరం. ఎత్తును, వాలును కలగలపకుండా చూసుకుంటే చాలు. మట్టంగా ఉన్న గీత ఎంత పైన ఉన్నా దాని వాలు సున్నా.

ఒకటి చేసి చూడండి. నల్లగొండ బస్టాండ్‌లో కదిలిన బస్సు 15 సెకన్లలో 54 స్పీడు అందుకుంది, ఒక నిమిషం అదే స్పీడులో తిన్నగా పోయింది, 10 సెకన్లలో ఆగింది. మొదటి ముక్కలో త్వరణం 15ని 15తో భాగిస్తే 1, నడిమి ముక్కలో సున్నా, చివరి ముక్కలో మైనస్ 1.5. దూరాలు: మొదట సగటు వేగం 7.5, పదిహేను సెకన్లకు 112.5 మీటర్లు. నడుమ 15 చొప్పున అరవై సెకన్లకు 900. చివర 7.5 చొప్పున పది సెకన్లకు 75. మొత్తం 1087.5 మీటర్లు, 85 సెకన్లు, సగటున గంటకు సుమారు 46 కిలోమీటర్లు. గ్రాఫ్‌లో ఇది ట్రెపీజియం అవుతుంది, సమాంతర భుజాలు 85, 60, ఎత్తు 15. రెండు భుజాలు కూడి, సగం చేసి, ఎత్తుతో గుణించండి. మళ్లీ 1087.5 రావాలి. రాకపోతే 54ని 15గా మార్చారో లేదో ముందు చూసుకోండి, తప్పు ఎక్కువసార్లు దొరికేది అక్కడే.